వెబ్‌సైటు నిర్వహణ – 5వ పాఠం: నాసిరకం బ్యాక్‌లింకుల నిగ్గు తేల్చడం

ఒక సైటు మరొక సైటుకు ఇచ్చే లింకును, అంటే బ్యాక్‌లింకును, గూగుల్ ఎందుకు సిఫారసుగా లెక్కిస్తుందో గత పాఠంలో చదువుకున్నాం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగా లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో వివరించిన, లింకులను బట్టి పేజీల ప్రాధాన్యాన్ని లెక్కగట్టే పేజ్‌ర్యాంక్ పద్ధతికి ఆ సిఫారసే పునాది. సిఫారసుకు విలువ ఉన్నచోట దానిని అమ్ముకునేవారు కూడా ఉంటారు కనుక, అలా కొన్న లింకులు సైటును ఏం చేస్తాయో ఇప్పుడు చూద్దాం.

అభ్యాసం కోసం హైదరాబాద్ పత్తర్‌గట్టీలోని ఒక ముత్యాల దుకాణానికి సైటు ఉందనుకోండి. అమీర్‌పేటలోని ఒక ఏజెన్సీ "నెలకు వెయ్యి బ్యాక్‌లింకులు" అనే ప్యాకేజీని యజమానికి అంటగట్టింది. వెయ్యి సైట్లు తమంతట తాము ముత్యాల దుకాణం గురించి రాయవు కనుక, ఆ లింకులు ఎవరూ తెరవని డైరెక్టరీల నుంచి, గడువు తీరిన డొమైన్లను కొని నడిపే బూటకపు బ్లాగుల నుంచి, ఆన్‌లైన్ జూదం పేజీల అడుగు భాగం నుంచి వస్తాయి. ఏజెన్సీ పంపే నివేదికలో సైటు సత్తాను అంచనా వేసే డొమైన్ అథారిటీ అనే అంకె ఘనంగా కనిపించవచ్చు. అది మోజ్ అనే సంస్థ లెక్కగట్టే కొలమానమే తప్ప గూగుల్ వాడేది కాదు.

2012 ఏప్రిల్‌లో గూగుల్ తెచ్చిన పెంగ్విన్ అనే అప్‌డేట్ ఇటువంటి లింకులున్న సైట్లను ఫలితాలలో కిందికి నెట్టింది. 2016 సెప్టెంబరులో అదే పెంగ్విన్ గూగుల్ ప్రధాన అల్గారిథంలో భాగమైనప్పుడు పద్ధతి మారింది: నాసిరకం లింకు ఉన్నందుకు సైటును శిక్షించడానికి బదులు, ఆ లింకుకు విలువ ఇవ్వకుండా వదిలేయడం మొదలైంది. 2022 డిసెంబరు నుంచి స్పామ్‌బ్రెయిన్ అనే కృత్రిమ మేధ వ్యవస్థ కూడా ఆ పనిలో చేరింది. అందువల్ల చెత్త లింకులు వచ్చిన ప్రతి సైటూ మునిగిపోతుందన్న భయం అవసరం లేదు. ఎవరో గిట్టనివారు మీ సైటుకు పనికిమాలిన లింకులు పెట్టినా, చాలా సందర్భాలలో గూగుల్ వాటిని లెక్కలోకే తీసుకోదు. ఈ భయాన్ని చూపి లింకుల ప్రక్షాళన పేరిట మరో ప్యాకేజీ అమ్మేవారికి కూడా కొదవ లేదు.

అసలు ప్రమాదం మీరు గాని, మీ తరఫున మరొకరు గాని కావాలని పెట్టించిన లింకులతోనే ఉంది. వాటిని గూగుల్ ఉద్యోగులు స్వయంగా పరిశీలించి మాన్యువల్ యాక్షన్ అనే శిక్ష విధిస్తే, కొన్ని పేజీలు లేదా మొత్తం సైటు ఫలితాలలో వెనుకబడుతుంది, ఒక్కోసారి పూర్తిగా తొలగిపోతుంది. 2011లో అమెరికాలోని జేసీ పెన్నీ సంస్థకు ఇదే జరిగింది. దుస్తుల నుంచి పరుపుల వరకు అనేక వెతుకులాటల్లో ముందున్న ఆ సంస్థకు డబ్బిచ్చి పెట్టించిన లింకులున్నాయని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టగానే, గూగుల్ దాని స్థానాన్ని దించేసింది. తమకు తెలియదని చెప్పి సంస్థ తన ఏజెన్సీని తొలగించినా శిక్ష తప్పలేదు. ఏజెన్సీతో ఒప్పందం చేసుకునేవారు గుర్తుంచుకోవలసిన విషయమిది.

పరువు సంగతి వేరు. గూగుల్ పట్టించుకోని లింకు కూడా మనిషి కంటికి కనిపిస్తుంది. పెళ్లికి ముత్యాల హారం కొనబోయేవారు దుకాణం పేరును వెతికినప్పుడు, అది జూదం ప్రకటనల మధ్యన అతుకుల బొంతలాంటి వ్యాసంలో ఎదురైతే, సరుకు అసలైనదేనా అన్న అనుమానం వారికి రాకమానదు.

ఇక పరీక్ష. సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ సాధనంలో లింకుల నివేదిక తెరిచి, ఎక్కువగా లింకు ఇస్తున్న సైట్ల జాబితాను, లింకుపై ఉండే మాటల జాబితాను దించుకోండి. రెండవదే ఎక్కువ విషయం చెబుతుంది. సహజంగా వచ్చే లింకుల మీద దుకాణం పేరో, సైటు చిరునామానో, "ఇక్కడ చూడండి" వంటి మాటలో ఉంటాయి. వందల సైట్లలో ఒకేలా "హైదరాబాద్‌లో చౌకగా ముత్యాల హారాలు" అని ఉంటే అది పెట్టించిన లింకేనని అనుమానించాలి. ఆ తరువాత మాన్యువల్ యాక్షన్ల పేజీ చూడండి.

అక్కడ హెచ్చరిక ఉంటే ముందుగా లింకులు పెట్టినవారికి రాసి తీయించాలి, లేదా ఇది సిఫారసు కాదని, డబ్బిచ్చి పెట్టించినదని గూగుల్‌కు తెలిపే నోఫాలో, స్పాన్సర్డ్ గుర్తులు పెట్టించాలి. ఎంత అడిగినా తొలగించని వాటిని మాత్రమే ఒక టెక్స్ట్ ఫైలులో వరుసకు ఒకటి చొప్పున రాసి ఆ లింకులను లెక్కించవద్దని గూగుల్‌కు చెప్పే డిజవౌ సాధనం ద్వారా సమర్పించి, పునఃపరిశీలన కోరాలి. ఈ ఫైలు 2 మెగాబైట్లను, 1,00,000 వరుసలను మించకూడదు. హెచ్చరిక లేకపోతే, కొన్న లింకులు పెద్ద సంఖ్యలో లేకపోతే, ఈ సాధనం జోలికి వెళ్లకండి. అవగాహన లేకుండా వాడితే మంచి లింకులను కూడా మీ చేతులతో మీరే తుడిచేసుకుంటారు.

ఒక మాట ముందే చెప్పాలి. శిక్ష తొలగినా సైటు పాత స్థానానికి చేరకపోవచ్చు, ఎందుకంటే ఆ స్థానంలో కొంత భాగం ఆ కొన్న లింకుల పుణ్యమే.

అభ్యాసం: మీ సైటుకు లింకు ఇస్తున్న మొదటి 20 సైట్లను తెరిచి చూసి, ప్రతిదాని పక్కన "దానంతట వచ్చింది", "మేం పెట్టించాం", "తెలియదు" అని రాసుకోండి. వచ్చే పాఠంలో "తెలియదు" అని రాసిన వాటితోనే పని మొదలుపెడదాం.