ఈ రాత్రి ఆమెను ఇంటికి పంపొచ్చా? గృహహింస కేసుల్లో ప్రమాదాన్ని అంచనా వేయడానికి ఫోన్, ట్యాబ్ ఎలా వాడాలి

సాయంత్రం అయిదున్నర. ఎదురుగా కూర్చున్న ఆమె చెప్పాల్సింది చెప్పేసి, "పిల్లాడు ట్యూషన్ నుంచి వచ్చే టైమయింది మేడమ్, వెళ్తాను" అని లేచి నిలబడుతుంది. ఆ నిమిషంలో మనం తేల్చుకోవాల్సింది ఒక్కటే, ఈ రాత్రి ఆమెను ఆ ఇంటికి పంపొచ్చా లేదా. నేను హైదరాబాద్‌లో 12 ఏళ్లుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను, ఇప్పటికీ ఆ నిమిషం వస్తే టెన్షనే. హింసకు గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి సెంటర్లలో పనిచేసేవాళ్లు, గృహహింస చట్టం కింద ఉండే ప్రొటెక్షన్ ఆఫీసర్లు, బస్తీ దవాఖానా డాక్టర్లు, నర్సులు, స్టేషన్‌లో మహిళల ఫిర్యాదులు తీసుకునే కానిస్టేబుళ్లు, మీకందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ఆ ప్రమాదాన్ని అంచనా వేయడానికి ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో ప్రశ్నల ఫారం పెట్టుకోవాలి, ముందు ఆ ఫారం ఎందుకో చెప్తాను. రోజుకి ఆరేడుగురితో మాట్లాడాక మనకి ఓపిక తగ్గుతుంది, ప్రశ్నలు జారిపోతాయి. గట్టిగా ఏడ్చినావిడ కేసు పెద్దదిగా కనిపిస్తుంది, తల దించుకుని "ఏం లేదండీ, అప్పుడప్పుడు కోపమొస్తుంది ఆయనకి" అన్నావిడ కేసు చిన్నదిగా కనిపిస్తుంది. చాలాసార్లు అది తలకిందులు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 37 శాతం మంది భర్త చేతిలో హింస చూశారు. దేశం మొత్తం మీద హింసకు గురైనవాళ్లలో సాయం అడిగినవాళ్లు సుమారు 14 శాతమే. అంటే మన గది దాకా వచ్చిన ఆమె ఎన్నో గడపలు దాటి వచ్చింది. ఆమెను అడగాల్సిన ప్రశ్న మన అలసట వల్ల అడగకుండా పోకూడదు. ఫారం చేసే పని అదే, మనం మర్చిపోయేది గుర్తుచేయడం.

ప్రశ్నల కోసం మొదటినుంచీ కష్టపడక్కర్లేదు. అమెరికాలో జాకెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ 1980ల్లో తయారుచేసిన డేంజర్ అసెస్‌మెంట్‌లో ఇప్పుడు 20 ప్రశ్నలున్నాయి, దాంతోపాటు ఏడాది క్యాలెండర్ మీద హింస జరిగిన రోజులు గుర్తు పెట్టిస్తారు. మేరీల్యాండ్ రాష్ట్రంలో 2005 నుంచి పోలీసులు ఇంటి గుమ్మం దగ్గరే అడిగే 11 ప్రశ్నల పద్ధతి ఉంది. ఆయుధం వాడాడా లేదా దాంతో బెదిరించాడా, నిన్నో పిల్లల్నో చంపుతానన్నాడా, చంపేస్తాడని నీకు అనిపిస్తోందా, ఈ మొదటి మూడింటిలో ఏ ఒక్కదానికి అవునన్నా లెక్కలేం వేయకుండా ఎక్కువ ప్రమాదం కింద తీసుకుని, అక్కడికక్కడే ఫోన్‌లో కౌన్సెలర్‌తో మాట్లాడిస్తారు. నాకు బాగా నచ్చింది ఇదే. మార్కులు కూడేదాకా ఆగకుండా, ఒక్క "అవును"తోనే ప్రమాదం తేల్చేసే ప్రశ్నలు కొన్ని ముందే ఉండాలి.

మన ఫారాన్ని కోబో టూల్‌బాక్స్‌లాంటి ఉచిత సాధనంలో తయారు చేసుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో నెట్ లేకపోయినా నడుస్తుంది, ఒకే ఫారంలో తెలుగు, ఉర్దూ, హిందీ పెట్టుకోవచ్చు, గర్భిణి కాదంటే గర్భం గురించిన ప్రశ్నలు వాటంతటవే దాటిపోతాయి, వేరేవాళ్లు చదవకుండా సమాచారానికి తాళం వేసే ఎన్‌క్రిప్షన్ కూడా ఉంది. కానీ ప్రశ్నల్ని ఇంగ్లీషు నుంచి ఉన్నదున్నట్టు తెలుగులో పెట్టొద్దు, అది నేను చేసిన మొదటి తప్పు. "మీపై శారీరక హింస జరిగిందా" అంటే మన ఆడవాళ్లు లేదనే అంటారు. "చేయి చేసుకుంటాడా" అంటే తల ఊపుతారు. పాతబస్తీలో, బోరబండలో దక్ఖనీలో మాట్లాడేవాళ్లకి "గలా దబాయా క్యా" (గొంతు నొక్కాడా) అని అడిగితేనే ప్రశ్న చేరుతుంది. మీ ఏరియా ఆడవాళ్లు నలుగురిని కూర్చోబెట్టి ప్రతి ప్రశ్నా చదివి వినిపించండి, వాళ్లు మార్చిన మాటే ఫారంలో పెట్టండి.

గొంతు గురించిన ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే మన దగ్గర ఎక్కువగా జారిపోయేది ఇదే. ఇంతకుముందు గొంతు పిసికిన మనిషి చేతిలో ఆ స్త్రీ హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్లు పైనే అని 2008లో అమెరికాలో వచ్చిన పరిశోధన చెప్పింది. అయినా ఆమె "కొట్టాడు, తిట్టాడు, గొంతు పట్టుకున్నాడు" అని మూడూ ఒకే ఊపిరిలో చెప్పేస్తుంది, మనం "కొట్టాడు" మాత్రమే రాసుకుంటాం. ఒక్క ప్రశ్నతో వదలొద్దు. ఊపిరి ఆడలేదా, కళ్లు బైర్లు కమ్మాయా, తర్వాత గొంతు బొంగురుపోయిందా, మింగడం కష్టమైందా, తెలియకుండా మూత్రం పోయిందా, ఇవన్నీ ఫారంలో విడివిడిగా ఉండాలి, "అవును" నొక్కగానే స్క్రీన్ మీద ఎర్రగా "ఇప్పుడే డాక్టర్‌కి చూపించండి" అని రావాలి. మెడ మీద గుర్తులు లేకపోయినా లోపల రక్తనాళానికి దెబ్బ తగిలి ఉండొచ్చు, కొన్ని రోజుల తర్వాత కూడా పక్షవాతం రావొచ్చు. కాబట్టి రేపు చూద్దాం అనకండి, ఉస్మానియాకో గాంధీకో ఎవరినైనా తోడిచ్చి పంపండి, డాక్టర్‌కి "గొంతు పిసికాడు" అనే మాట స్పష్టంగా రాసివ్వండి.

మిగతా ఎర్ర ప్రశ్నలు: చంపుతానన్నాడా, తానే చస్తానని బెదిరించాడా, కిరోసిన్ లేదా పెట్రోల్ తెచ్చాడా, కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడా, ఎవరితో మాట్లాడినా అనుమానపడతాడా, ఈమధ్య ఆమె పుట్టింటికి వెళ్లిపోతాననో విడాకులిస్తాననో అన్నదా. విడిపోయే సమయమే చాలా ప్రమాదమైన సమయం. "పుట్టింటికి పంపించేశాం, ఇక సేఫ్" అని పెద్దమనుషుల పంచాయితీ చేతులు దులుపుకున్న రోజునే మనం ఎక్కువ జాగ్రత్తపడాలి. మన ఇళ్లకు సంబంధించినవి కూడా కలపండి, అత్తమామలు, ఆడబిడ్డ, మరిది ఎవరైనా చేయి చేసుకుంటున్నారా, కట్నం కోసం ఒత్తిడి ఉందా. భర్త ఒక్కడినే చూసే విదేశీ ఫారాల్లో ఇవి ఉండవు.

ఇక స్కోరు సంగతి. స్పెయిన్‌లో 2007 నుంచి వియోజెన్ అనే సిస్టమ్ ఉంది. పోలీసులు ప్రశ్నలకు జవాబులు ఎక్కిస్తే కంప్యూటర్ ప్రమాదం స్థాయి చెప్తుంది, అవసరమనిపిస్తే పోలీసులు ఆ స్థాయిని పెంచొచ్చు. కానీ దాదాపు 95 శాతం సందర్భాల్లో కంప్యూటర్ చెప్పిందే ఉంచేశారని తేలింది, తక్కువ ప్రమాదమని వచ్చాక చనిపోయినవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌లో పోలీసులు ప్రమాదం అంచనాకి వాడే డాష్ ఫారం మీద 2019లో వచ్చిన పరిశోధన కూడా, మళ్లీ తీవ్రంగా ఎవరిమీద దాడి జరుగుతుందో ఆ ఫారం సరిగా పట్టుకోలేకపోతోందని చూపించింది. అందుకే మా దగ్గర ఒకే నియమం. స్కోరును మనిషి పెంచొచ్చు, తగ్గించడానికి వీల్లేదు. ఫారం "మధ్యస్థం" అన్నా మీకు మనసులో గుబులుగా ఉంటే "ఎక్కువ" అని పెట్టి కారణం ఒక్క వాక్యం రాయండి. ఆమె "భయంగా ఉంది" అంటే నమ్మండి. "నాకేం భయం లేదు" అంటే మాత్రం ఊరట పడకండి. హత్యాయత్నం నుంచి బయటపడిన ఆడవాళ్ల మీద క్యాంప్‌బెల్ బృందం చేసిన అధ్యయనంలో దాదాపు సగం మంది తమ ప్రాణాలకు అంత ముప్పు ఉందని ముందు అనుకోలేదు.

ఇంతకంటే ముందే చేయాల్సిన పని ఒకటుంది, ఆమె ఫోన్. చూడటానికి కాదు, అడగటానికి. ఈ ఫోన్ ఎవరు కొన్నారు, సిమ్ ఎవరి పేరు మీద ఉంది, లాక్ ఎవరికి తెలుసు, ఓటీపీలు ఎవరికి వెళ్తాయి. భర్త దగ్గర ఉన్న సిమ్‌తోనే ఆమె బ్యాంకు ఖాతా నడుస్తుంటే అది నిఘా మాత్రమే కాదు, ఆర్థిక హింస కూడా. 2005 గృహహింస చట్టం దాన్ని హింసగానే గుర్తించింది. ఆ తర్వాత ఆమె ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్, గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్, గూగుల్ ఖాతాలో ఏయే ఫోన్లు లాగిన్ అయి ఉన్నాయో చూడండి. *#21# డయల్ చేస్తే కాల్స్ వేరే నంబరుకి మళ్లిస్తున్నారేమో తెలుస్తుంది. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో సేఫ్టీ చెక్ ఉంటుంది.

ఏదైనా దొరికితే వెంటనే తీసేయకండి. ఇది చాలా ముఖ్యం. లొకేషన్ ఆగిపోగానే అతనికి తెలిసిపోతుంది, ఆ రాత్రే గొడవ. ముందు స్క్రీన్‌ను మన ఫోన్‌తో ఫొటో తీసుకుని, నిఘా ఉందని ఫారంలో రాసి, ఆమె ఎక్కడికి వెళ్తుందో ఖాయమయ్యాక తీయాలి. ఫ్యాక్టరీ రీసెట్ అసలు వద్దు, సాక్ష్యం మొత్తం పోతుంది.

మన నగరంలో మనిషి ఎక్కడికి వెళ్లిందీ చెప్పేసేవి ఇంకా ఉన్నాయి. ఇద్దరికీ ఒకే ఖాతా ఉన్న క్యాబ్ యాప్‌లో దిగిన చోటు కనిపిస్తుంది. ఆటోకి ఫోన్‌పే చేస్తే బ్యాంకు మెసేజ్ భర్త ఫోన్‌కి పోతుంది. గచ్చిబౌలి, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో గేటు యాప్, తలుపు మీద కెమెరా, హాల్లో సీసీటీవీ, అన్నీ ఆఫీసులో కూర్చున్న అతని ఫోన్‌లోనే. చదువుకున్నవాళ్లు, మంచి జీతాలు కదా అని అక్కడి కేసుల్ని తేలిగ్గా తీసుకునేవాళ్లని చూశాను, నాకు ఆ కేసుల్లోనే ఎక్కువ భయం. మా దగ్గరికి రావడానికి నేను చెప్పే దారి ఆర్టీసీ బస్సు. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకి ఉచితం కాబట్టి గుర్తింపు కార్డు చూపిస్తే సున్నా టికెట్, ఏ ఖాతాలోనూ ఎంట్రీ పడదు. ఫోన్ ఇంట్లోనో పనిచేసే చోటో వదిలి రమ్మంటాను, బస్సు దిగాక నడిచి వస్తుంది.

మా నుంచి జరిగిన తప్పు కూడా చెప్పాలి. నేను ఇంతకుముందు పనిచేసిన చోట అపాయింట్‌మెంట్ గుర్తుచేయడానికి ఆటోమేటిక్ మెసేజ్ పెట్టాం. మంచి ఉద్దేశంతోనే పెట్టాం. ఒకామెకి మెసేజ్ వెళ్లింది, చదివింది భర్త. ఆమె మళ్లీ మా దగ్గరికి రావడానికి అయిదు నెలలు పట్టింది. అప్పటినుంచి ఫారంలో మొదటి ప్రశ్నే "ఏ నంబరుకి, ఏ టైములో, ఎవరమని చెప్పి ఫోన్ చేయాలి" అని మార్చాం. మెసేజ్ పంపొచ్చని ఆమె స్వయంగా చెప్తే తప్ప ఏ మెసేజూ పోదు.

ఒకసారి ఫారం నింపి ఫైల్‌లో పెడితే సగం పనే. ప్రతి సంఘటననీ తేదీతో మామూలు ఎక్సెల్ షీట్‌లో ఎక్కించండి, తేదీ గుర్తులేకపోతే బోనాలప్పుడు, రంజాన్ ముందు, పిల్ల పరీక్షలప్పుడు అని రాసుకుని తర్వాత తేదీ వెతకండి. రెండు సంఘటనల మధ్య ఎన్ని రోజులో పక్క గడిలో లెక్కేయించండి. 90 రోజులు, 40, 12, 5 అని ఆ అంకెలు దిగిపోతుంటే ఎవరూ వివరించక్కర్లేదు, ఆమెకి కూడా ఆ కాగితం చూపిస్తే తనే అర్థం చేసుకుంటుంది. కంప్యూటర్ మనకంటే నిజంగా బాగా చేసేది ఈ పనే అని నా అభిప్రాయం. ఇల్లు వదిలినప్పుడు, కేసు పెట్టినప్పుడు, అతనికి కోర్టు నోటీసు అందినప్పుడు, బెయిల్ వచ్చినప్పుడు, పిల్లల కస్టడీ వాయిదా ముందు, ఫారం మళ్లీ మొదటినుంచి నింపాలి. ఈ తేదీలకి ఆఫీసు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

సాక్ష్యాల విషయం క్లుప్తంగా. గాయాల ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు వాట్సాప్‌లో మనకి పంపమనకండి, ఫొటో నాణ్యత, ఎప్పుడు తీశారన్న అసలు వివరాలు రెండూ పోతాయి. అసలు ఫోన్‌లోనే ఉంచి కేబుల్‌తో కాపీ తీసుకోండి. కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, లాయర్‌ని ముందే అడగండి. మనం రాసుకున్న వివరాలన్నీ ప్రొటెక్షన్ ఆఫీసర్ నింపే గృహహింస సంఘటన నివేదికకి, అంటే ఫారం 1కి, సేఫ్టీ ప్లాన్ ఉండే ఫారం 5కి నేరుగా పనికొచ్చేలా అదే వరసలో పెట్టుకుంటే ఆమె తన కథ మళ్లీ మళ్లీ చెప్పుకోవాల్సిన బాధ తప్పుతుంది.

స్టాఫ్ వాట్సాప్ గ్రూపుల్లో పేర్లు, ఫొటోలు పెట్టొద్దు, కేసు నంబరు చాలు. ఆమె చెప్పింది తీసుకెళ్లి ఏఐ చాట్‌బాట్‌లో అతికించి "రిస్క్ ఎంత" అని అడగడం ఈమధ్య మొదలైంది, దయచేసి చేయకండి. ఆమె జీవితం మనకి తెలియని సర్వర్‌లోకి వెళ్తుంది, వచ్చే జవాబుకి ఎవరి బాధ్యతా ఉండదు. ట్యాబ్ కూడా ఇద్దరికీ కనిపించేలా బల్ల మీద పక్కకి పెట్టండి, మొదటి పది నిమిషాలు ముట్టుకోకుండా వినండి, తర్వాత "ఏదీ మర్చిపోకుండా ఉండటానికి కొన్ని అడుగుతాను, ఇష్టం లేనివి చెప్పక్కర్లేదు" అని మొదలుపెట్టండి.

ఫలితం "ఎక్కువ" అని వస్తే ఆమె గది దాటకముందే పనులు కావాలి. సఖి సెంటర్లో 5 రోజుల దాకా ఉండే వీలుంది, మహిళల హెల్ప్‌లైన్ 181కి మీరే ఆమె పక్కన కూర్చుని ఫోన్ చేయండి, వెంటనే ముప్పు ఉంటే అత్యవసర నంబరు 112. గృహహింస చట్టంలోని సెక్షన్ 23 కింద అతని వాదన వినకముందే మధ్యంతర ఉత్తర్వులు అడగొచ్చని ఆమెకి చెప్పండి. అయినా ఇంటికే వెళ్తానంటే ఆపే హక్కు మనకి లేదు. అప్పుడు ఇంట్లోవాళ్లకి అర్థం కాని ఒక గుర్తు మాట ఆమెతో అనుకోండి. "రేపు పదకొండింటికి బ్లౌజు కొలతల గురించి ఫోన్ చేస్తాను, బాగుంటే తీసుకెళ్తానని చెప్పు, బాగోలేకపోతే ఇంకా టైము పడుతుందా అని అడుగు." అది ఫారంలో రాయండి, రిమైండర్ పెట్టండి, సరిగ్గా పదకొండింటికే చేయండి. రెండుసార్లు ఎత్తకపోతే ఎవరు ఆ ఇంటి వైపు వెళ్లాలో, ఏ స్టేషన్‌కి చెప్పాలో, ఆ పేరు కూడా ఈరోజే రాసి ఉంచండి.