సంవత్సరీకం నాటికి అమ్మమ్మ అల్లరి కథలను పోగుచేయడం ఎలా?

మూడు తరాలుగా చెన్నైలో ఉంటున్న తెలుగు కుటుంబంలో పెద్దావిడ కన్నుమూస్తే, పదమూడు రోజులు తిరిగేసరికి ఆమె "దేవతలాంటి మనిషి" అయిపోతుంది. అష్టాచెమ్మా ఆడుతూ గవ్వను మోకాలితో తిప్పేసి గెలిచిన మనిషికి, పెళ్లిచూపులకు వచ్చినవారు వీధి మలుపు తిరగకముందే వారి నడకను అనుకరించి ఇంటిల్లిపాదినీ నవ్వించిన మనిషికి ఆ మాట బొత్తిగా చాలదు. ఆ అల్లరిని నిలుపుకోవాలంటే సంవత్సరీకాన్ని గడువుగా పెట్టుకోవడం మంచిది. బంధువులందరూ మళ్లీ ఒకచోట చేరేది అప్పుడే.

మొదట ఎవరిని అడగాలో నిర్ణయించుకోండి. కన్నబిడ్డల కంటే ముందు ఆమె తోడబుట్టినవారిని, తోటికోడళ్లను, ఎదురింటి తమిళ మామిని కలవాలి. తల్లిగా ఆమె పిల్లల దగ్గర దాచిన వేషాలన్నీ తెలిసినవారు వారే. "ఆవిడ ఎలా ఉండేవారు?" అని అడిగితే పొగడ్త వస్తుంది. "చిన్నమ్మమ్మా, మా అమ్మమ్మ నిన్ను ఎప్పుడైనా బోల్తా కొట్టించిందా?" అని అడిగితే కథ వస్తుంది. తమిళంలో చెప్పినవారి మాటలను తమిళంలోనే ఉంచండి.

ఫోనును మడతపెట్టిన తువాలు మీద ఉంచి, ఫ్యాను ఆపి (మే నెలలో ఈ పని చేసినందుకు మా పెద్దమ్మ నన్ను ఇంకా క్షమించలేదు), తేదీని, మాట్లాడేవారి పేరును ముందుగా చెప్పి రికార్డు చేయాలి. మధ్యలో సరిదిద్దకూడదు.

కథలకు కాలం నిర్ణయించడమే అన్నిటికంటే ఓపిక కావలసిన పని. పెద్దవారికి సంవత్సరాలు గుర్తుండవు గాని ఊరు గుర్తుంటుంది. "ట్రాములు ఆగిపోయిన ఏడాది" అంటే 1953. అదే ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మద్రాసు బయటే మిగిలింది. "మూర్ మార్కెట్ కాలిపోయినప్పుడు" అంటే 1985. కూరగాయల బేరం కొత్వాల్ చావడి నుండి కోయంబేడుకు మారింది 1996లో, ఊరి పేరు అధికారికంగా చెన్నై అయింది కూడా అప్పుడే. బీరువాలో పాత శుభలేఖ దొరికితే మరింత కచ్చితంగా తేలుతుంది. అందులో నందన నామ సంవత్సరం అని ఉంటే అది 1952 ఉగాది నుండి 1953 ఉగాది వరకు నడిచిన ఏడాది. ఈ పేర్లు అరవై ఏళ్లకు ఒకసారి తిరిగి వస్తాయి కనుక 2012తో పొరపడే ప్రమాదం పెళ్లి విషయంలో ఎలాగూ లేదు.

ఆల్బములో అతుక్కుపోయిన ఫొటోలను పీకవద్దు, ఉన్నచోటే ఫొటో తీయండి. విడి ఫొటోల వెనుక మెత్తటి పెన్సిలుతోనే పేర్లు రాయాలి. ఆవకాయ పాళ్లు రాసేటప్పుడు, ఆమె వాడిన గిద్దెలోనే నీళ్లు పోసి ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో కొలిచి పక్కన వేయండి.

ఇక రాయడం. ఒకే సంఘటనకు రెండు కథనాలుంటే రెండింటినీ ఉంచాలన్నది నా పట్టుదల. మా మామయ్య పెళ్లిలో వియ్యపురాలి చెప్పులు దాచింది తానేనని అమ్మమ్మ ఒప్పుకుందని పెద్దమ్మ అంటుంది. ఆ నేరాన్ని ఆవిడ చివరిదాకా తాతయ్య మీదే మోపిందని మామయ్య అంటాడు. ఈ పేచీని తీర్చి ఒక్క కథగా రాస్తే అమ్మమ్మ అందులో కనిపించదు.

మనవల్లో చాలామందికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. అటువంటి ఇంట్లో తెలుగు వాక్యం కిందే తమిళ లిపిలోనూ అచ్చువేయవచ్చు. అయితే తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం కనుక రికార్డింగును కూడా జతచేయక తప్పదు.

పుస్తకం చివర నాలుగైదు పేజీలు ఖాళీగా వదలండి. కర్మకాండ ముగిసిన మరునాడు, భోజనాల తరువాత ఎవరో ఒకరు గవ్వలు తీస్తారు. అప్పటిదాకా ఎవరూ చెప్పని కథ ఒకటి ఆ ఆట మధ్యలో బయటపడుతుంది.