కాలినడకన నగరాన్ని చదవడం – 5వ పాఠం: వాషింగ్టన్ స్క్వేర్

గత పాఠంలో ఒకే వీధిలో నడుస్తూ, భవనాల ముఖాలను బట్టి వాటి వయసు అంచనా కట్టడం నేర్చుకున్నాం. ఈసారి చదవవలసింది వీధుల మధ్య వదిలిన ఖాళీ నేలను. ఇది కాస్త కష్టం. భవనానికి కిటికీలుంటాయి, గుమ్మం ఉంటుంది, ఒక్కోసారి తేదీ చెక్కిన రాయి కూడా ఉంటుంది. ఖాళీ నేల తనంతట తాను ఏమీ చెప్పదు. పైగా మధ్యలో ఒక పెద్ద కట్టడం ఉంటే కళ్లు దాన్ని వదిలి కదలవు.

అభ్యాసానికి న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో ఉన్న వాషింగ్టన్ స్క్వేర్‌ను తీసుకుందాం. వైశాల్యం పది ఎకరాలకు కొంచెం తక్కువ. కవులు, చిత్రకారులు, పాటగాళ్లు, నగర పాలకులతో పేచీ పెట్టుకున్నవాళ్లు తరతరాలుగా చేరిన పేట ఇది. నది అవతల జెర్సీ సిటీలో ఉండేవారు, న్యూజెర్సీని న్యూయార్క్‌తో కలిపే పాత్ (PATH) రైలెక్కి తొమ్మిదో వీధి స్టేషన్‌లో దిగి నడిచి రావచ్చు. న్యూయార్క్ వెళ్లే వీలు లేనివారు ఫోనులో మ్యాపు తెరిచి పెట్టుకున్నా పాఠం సాగుతుంది.

మొదటి నియమం: లోపలికి వెళ్లకండి. వాయవ్య మూల నుంచి మొదలుపెట్టి, స్క్వేర్ చుట్టూ బయటి కాలిబాట మీద ప్రదక్షిణగా ఒక చుట్టు తిరగండి. ఖాళీ నేల కథలో సగం దాని అంచుల్లో ఉంటుంది.

ఉత్తరపు అంచున ఎర్ర ఇటుక ఇళ్ల వరస కనిపిస్తుంది. గుమ్మాలకు తెల్లని స్తంభాలు, ముందు ఇనుప కమ్మీలు. 1830ల తొలినాళ్లలో సంపన్న కుటుంబాల కోసం కట్టినవి. తూర్పు అంచున న్యూయార్క్ యూనివర్సిటీ భవనాలు. అక్కడ ఒక్క నిమిషం దారి తప్పి, వాషింగ్టన్ ప్లేస్ మీదుగా గ్రీన్ స్ట్రీట్ మూలదాకా వెళ్లి రండి. 1911 మార్చి 25న ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారం కాలి 146 మంది చనిపోయిన భవనం అది. వాళ్లలో ఎక్కువమంది వలస వచ్చిన యువతులు. భవనం ఇప్పటికీ నిలిచే ఉంది, అందులో యూనివర్సిటీ తరగతులు నడుస్తున్నాయి.

దక్షిణపు అంచుకు రాగానే లెక్క మారుతుంది. ఒకప్పుడు ఇటువైపు చవక అద్దె గదులు, వాటి వెనుక ఇటలీ నుంచి వచ్చిన కుటుంబాల ఇరుకు ఇళ్లు ఉండేవి. ఉత్తరాన పాత డబ్బు, దక్షిణాన చవక అద్దె, మధ్యలో అందరికీ తెరిచి ఉన్న నేల. ఈ పేటకు బొహీమియన్, అంటే కట్టుబాట్లు పట్టని కళాకారుల చోటు, అన్న పేరు ఎలా వచ్చిందో ఇక్కడ నిలబడితే అర్థమవుతుంది. కళ ఎక్కడైనా మొదట వెతికేది తక్కువ అద్దెనే. ఈ రోజు ఇక్కడి అద్దెలు చూస్తే ఆ పేరు గతకాలపుదని వేరే చెప్పనక్కరలేదు.

పడమటి అంచు మ్యాక్‌డూగల్ స్ట్రీట్. దాని వెంట ఉత్తరానికి వెళితే బయలుదేరిన మూలకే చేరతారు. అక్కడ మూడు వందల ఏళ్లు దాటిన ఎల్మ్ చెట్టు ఉంది. జనం దాన్ని ఉరిచెట్టు అంటారు. కానీ ఆ చెట్టుకు ఎవరినైనా ఉరి తీసినట్టు ఆధారం లేదు. మీ నోటుపుస్తకంలో పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు విన్నవి, కుడివైపు ఆధారం ఉన్నవి రాయండి. ఉరిచెట్టు ఎడమవైపుకే. చరిత్ర చెబుతామంటూ తిప్పే నడక బృందాల్లో ఈ గీత తరచూ చెరిగిపోతుంది.

ఇప్పుడు లోపలికి రండి. రెండో నియమం: ముందు కాళ్ల కింద చూడండి. ఈ నేల మీదుగా ఒకప్పుడు మినెట్టా అనే వాగు పారేది. 1640ల్లో డచ్చి పాలకులు, సగం స్వేచ్ఛ (తమకు విడుదల, పిల్లలకు కాదు) ఇచ్చిన ఆఫ్రికన్ బానిసలకు ఈ చుట్టుపక్కల పొలాలు ఇచ్చారు. 1797లో నగరం ఈ స్థలాన్ని కొని దిక్కులేనివారి శ్మశానంగా మార్చింది. పచ్చజ్వరంతో (ఎల్లో ఫీవర్) పోయినవారిని కూడా ఇక్కడే పూడ్చారు. 1825లో శ్మశానం మూసేసి, మరుసటి ఏడాది సైనిక కవాతు మైదానం చేశారు. తర్వాత అదే పార్కు అయింది. శవాలను మాత్రం తరలించలేదు. సుమారు ఇరవై వేల మంది ఇంకా ఈ పచ్చిక కిందే ఉన్నారని అంచనా. 2009లో పనివాళ్లు తవ్వుతుంటే 1799 నాటి సమాధి రాయి ఒకటి బయటపడింది. ఈ నేల ఇన్నాళ్లు ఖాళీగా మిగలడానికి శ్మశానం, ఆ తర్వాత కవాతు ఒక పెద్ద కారణం. పార్కు కావాలని ముందుగా ఎవరూ తలచలేదు.

మూడో నియమం: ప్రతి వస్తువునూ, నువ్వు మొదటినుంచీ ఇక్కడే ఉన్నావా అని అడగండి. పాలరాతి తోరణంతో మొదలుపెట్టండి. జార్జి వాషింగ్టన్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసి వందేళ్లైన సందర్భంగా 1889లో ఉత్సవం కోసం తాత్కాలిక తోరణం ఒకటి ఐదో అవెన్యూ మీద నిలబెట్టారు. అది జనానికి నచ్చడంతో వాస్తుశిల్పి స్టాన్‌ఫర్డ్ వైట్ చేత రాతిలో కట్టించారు. 1895లో దాన్ని అంకితం చేశారు. ఎత్తు 77 అడుగులు. దక్షిణపు అంచున ఉన్న జడ్సన్ చర్చి కూడా ఆయన రూపకల్పనే. రెండిటినీ పోల్చి చూడండి. ఇక ఫౌంటెన్. అది చాలాకాలం తోరణానికి సూటిగా లేదు. పునరుద్ధరణలో దాన్ని కొన్ని అడుగులు జరిపి వరసలోకి తెచ్చారు. స్థానికులు గట్టిగా వ్యతిరేకించారు. నా పక్షం వాళ్లదే. ఆ వంకర ఈ పేట స్వభావానికి బాగా అమరింది.

తోరణం లోపల మెట్లున్నాయి, వాటికో చిన్న తలుపు ఉంది. 1917 జనవరి 23 రాత్రి చిత్రకారులు మార్సెల్ డుషాంప్, జాన్ స్లోన్, కవయిత్రి గెర్‌ట్రూడ్ డ్రిక్, మరో ముగ్గురు ఆ మెట్లెక్కి పైకి చేరారు. కాగితపు లాంతర్లు, బుడగలు కట్టి, గ్రీనిచ్ విలేజ్ స్వతంత్ర గణతంత్రం అని ప్రకటించారు. ఆ తలుపు ఎక్కడుందో బయటి నుంచే వెతికి గుర్తించండి. ఇది ఈ పాఠంలో చిన్న పరీక్ష.

నాలుగో నియమం అన్నిటికన్నా విలువైనది: లేనిదాన్ని చూడండి. తోరణం కింద నిలబడి దక్షిణానికి తిరగండి. ఒకప్పుడు ఐదో అవెన్యూ ఇక్కడితో ఆగేది కాదు. వాహనాలు తోరణాన్ని దాటి లోపలికి వచ్చేవి, బస్సులు ఇక్కడే తిరిగి వెళ్లేవి. 1950ల్లో, నగరంలో రోడ్లు, పార్కుల నిర్మాణాన్ని శాసించిన అధికారి రాబర్ట్ మోజెస్ ఆ దారిని పెద్ద రోడ్డుగా చేసి స్క్వేర్‌ను రెండుగా చీల్చాలనుకున్నాడు. ఈ పేటలోనే ఉండే షర్లీ హేస్, జేన్ జేకబ్స్, వాళ్లతోపాటు పిల్లల్ని ఆడించడానికి వచ్చే తల్లులు సంతకాలు సేకరించి ఎదురు నిలిచారు. 1958లో వాహనాలు ఆగిపోయాయి. ఆ రోజు వేడుకలో రిబ్బను కత్తిరించలేదు, ముడి వేశారు. 1961 ఏప్రిల్‌లో ఇదే ఫౌంటెన్ దగ్గర ఆదివారం పాటలకు అనుమతి నిరాకరిస్తే జానపద గాయకులు పోలీసులతో తలపడ్డారు. కొన్ని వారాలకే పాట తిరిగి వచ్చింది.

ఇక నోటుపుస్తకం మూసి, నైరుతి మూలలో చదరంగం బల్లల దగ్గర అరగంట కూర్చోండి. ఎవరైనా ఆటకు పిలిస్తే పందెం ఎంతో ముందే అడగండి.

ఇంటిపని: పార్కుకు నైరుతిగా మినెట్టా స్ట్రీట్, మినెట్టా లేన్ అనే రెండు చిన్న వీధులున్నాయి. చుట్టూ ఉన్నవి సూటిగా సాగుతుంటే మినెట్టా స్ట్రీట్ మాత్రం ఎందుకు వంపు తిరిగిందో, పై పేరాల సాయంతో నాలుగు వాక్యాల్లో రాయండి. ఆరో పాఠం ఆ వంపు దగ్గరే మొదలవుతుంది. నీళ్ల సీసా, మంచి చెప్పులు తప్పనిసరి.