ఇంట్లో రికార్డు చేసిన క్యాసెట్లను ఫోన్‌లోకి ఎక్కించడం

అటక మీది క్యాసెట్లన్నీ ఎక్కించాల్సిన పనిలేదు. గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ పాడిన అన్నమయ్య కీర్తనలు, ఎమ్మెస్ ఆల్బమ్‌లు ఆన్‌లైన్‌లో ఇంతకన్నా శుభ్రంగా దొరుకుతాయి. గ్రామఫోన్ ప్లేటు వినడానికే, ఇంట్లో రికార్డు చేసుకోవడానికి కాదు. 1963లో ఫిలిప్స్ తెచ్చిన క్యాసెట్‌తో మామూలు ఇళ్లలోనూ రికార్డు చేసుకోవడం మొదలైంది. పెళ్లిలో నాదస్వరం, ఊళ్లో హరికథ, అవ్వ పాడిన మంగళహారతి మరెక్కడా దొరకవు. ముందు వాటిని వేరు చేయండి. పొరపాటున వాటి మీద మళ్లీ రికార్డు కాకుండా పై అంచున ఉండే రెండు ప్లాస్టిక్ రెక్కలూ విరిచేయండి.

ఇప్పుడు టేపు చూడండి. తిరుపతి, చిత్తూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానలకు టేపు చుట్ట మీద తెల్లగా బూజు పడుతుంది. బూజున్న క్యాసెట్ ప్లేయర్‌లో పెట్టకండి. ప్లేయర్‌లో టేపును చదివే హెడ్‌కు అంటుకుని తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది. బాగున్నదాన్ని ఒకసారి చివరిదాకా ముందుకూ వెనక్కూ తిప్పాకే ప్లే చేయాలి. టేపు మధ్యలో, హెడ్‌కు ఎదురుగా ఉండే చిన్న మెత్త ఊడిపోయుంటే ధ్వని వచ్చీపోతూ ఉంటుంది. మరలతో బిగించిన క్యాసెట్ అయితే వేరే పాత క్యాసెట్ మెత్త తీసి వేసుకోవచ్చు.

హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో గోధుమరంగు మరక రాకుండా పోయేదాకా తుడవండి. రబ్బరు రోలర్‌కు తడిబట్ట చాలు. శ్రుతి ఊగుతుంటే తప్పు బెల్టుది: రబ్బరు సాగిపోయి ఉంటుంది. మీ ఊళ్లో దొరక్కపోతే, ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే చెన్నై రిచీ స్ట్రీట్‌లో వెదకండి. శబ్దం మూగగా ఉంటే హెడ్ పక్కనున్న చిన్న మరను అటూ ఇటూ పావు చుట్టులోపే తిప్పి, తాళం మోత స్పష్టంగా వినబడిన చోట ఆపండి. ఇంటి రికార్డింగులు ఒక్కోటి ఒక్కో మిషన్‌లో చేసినవి కాబట్టి ఇది ప్రతి క్యాసెట్‌కూ చూడాల్సిందే.

చాలామంది లాప్‌టాప్ మైకు రంధ్రంలో వైరు గుచ్చేస్తారు. అది మోనో, పైగా గొంతు పగులుతుంది. ప్లేయర్ లైన్ అవుట్ నుంచి, లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డుకు కలపండి. హెడ్‌ఫోన్ రంధ్రం ఒక్కటే ఉంటే వాల్యూమ్ సగంలో పెట్టండి. ‘హమ్’ అని మోగితే లాప్‌టాప్ ఛార్జర్ పీకేసి చూడండి. ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 44,100 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియో పెట్టి, అన్నింటికన్నా పెద్ద శబ్దం వచ్చే చోట మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. సీ-60 అంటే పక్కకు 30 నిమిషాలు. రెండు పక్కలకూ కలిపి, కుదించని వేవ్ ఫైలు సుమారు 600 ఎంబీ అవుతుంది. పక్కన కూర్చోవాల్సిందే, వేగంగా అయ్యే దారి లేదు.

రొద తగ్గించే ‘నాయిస్ రిడక్షన్’ దగ్గరే కచేరీలు పాడయ్యేది. ఎడతెగకుండా మోగేదాన్ని ఆ సాఫ్ట్‌వేర్ రొద అనుకుంటుంది, తంబురాను కూడా. నమూనాగా పాట మొదలవకముందు వచ్చే వట్టి బుస్సుమనే భాగాన్నే ఎంచుకోండి, 6 డెసిబెల్స్‌కు మించి తగ్గించకండి. ముట్టుకోని అసలు వేవ్ ఫైలు వేరే డిస్కులో ఉంచి, ఫోన్‌కు ఎంపీత్రీ చేసుకోండి. ఫైలు పేరులో పాడినవాళ్లు, ఊరు, సంవత్సరం రాయండి. క్యాసెట్ అట్ట మీద రాతను కూడా ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో పెట్టండి.