సైకిల్‌తో ఊళ్లు చుడదాం – 5వ పాఠం: డెల్టాలో కాలువ వెంట దారి గీయడం

పోయిన పాఠంలో రోజుకి ఎంత దూరం తొక్కగలమో లెక్క వేసుకున్నాం. ఈసారి ఆ లెక్కకి ఒక దారి వెతుకుదాం. ఇందుకు గోదావరి డెల్టాని తీసుకున్నాను. ఎక్కాల్సిన కొండల్లేవు, కాసేపు తొక్కితే ఇంకో ఊరు, ఊరికో టీ కొట్టు. దూరాలు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అంతకంటే ఏం కావాలి?

ఫోన్‌లో బయల్దేరే ఊరు, చేరే ఊరు కొట్టి, వచ్చిన నీలం గీతని నమ్ముకుని వెళ్లిపోవడం మనందరికీ అలవాటే. డెల్టాలో ఆ గీత మిమ్మల్ని లారీలు పరుగెత్తే 16వ నంబరు జాతీయ రహదారి మీదికైనా తోస్తుంది, దగ్గరదారని చెప్పి ఎవరిదో చేనుగట్టు మీదికైనా ఎక్కిస్తుంది. అందుకని ఫోన్ పక్కన పెట్టి తెల్ల కాగితం తీసుకోండి. రోడ్ల సంగతి తర్వాత, ముందు నీళ్లు గీద్దాం.

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండు పాయలవుతుంది. అక్కడ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం దాటేది తర్వాతి కాలంలో కట్టిన బ్యారేజీ. నీళ్లు అక్కణ్నుంచే తూర్పు డెల్టాకీ, పశ్చిమ డెల్టాకీ, మధ్యలో ఉన్న కోనసీమకీ వెళతాయి. ఈ కాలువలు పొలాలకి నీళ్లివ్వడంతో పాటు ఒకప్పుడు ధాన్యం పడవల్ని కూడా మోశాయి. లాకులు, అంటే నీటిమట్టం పెంచి తగ్గించి పడవల్ని దాటించే తలుపులు, కట్టింది ఆ పడవల కోసమే. సైకిల్ మీద వెళ్లేవాళ్లకి కావాల్సిన సంగతి ఇందులో ఉంది. పెద్ద కాలువ వెంట వెళితే ఊళ్లు వాటంతటవే తగులుతాయి. చాలా చోట్ల చెట్ల నీడ ఉంటుంది. కాలువ నీళ్లు పల్లానికి నెమ్మదిగా పారాలి కాబట్టి గట్టు కూడా చదునుగానే సాగుతుంది.

కాగితం మీద రెండు పాయలు, మధ్యలో కోనసీమ గీశారా? ఇప్పుడు నది దాటే చోట్లు గుర్తు పెట్టండి. పాఠం మొత్తంలో కష్టమైన పని ఇదే. డెల్టాలో దారి తప్పడం వల్ల వచ్చే నష్టం తక్కువ, ఎవరినడిగినా చెబుతారు. కానీ వంతెన లేని చోట నది ఒడ్డుకి చేరితే వచ్చిన దారంతా వెనక్కి తొక్కాలి. గౌతమి మీద ధవళేశ్వరం బ్యారేజీ, రావులపాలెం–జొన్నాడ వంతెన, కింద యానాం–ఎదుర్లంక వంతెన ఉన్నాయి. వశిష్ఠ మీద సిద్ధాంతం, చించినాడ. వశిష్ఠ నుంచి చీలే వైనతేయ పాయని దాటడానికి పి.గన్నవరం ఉంది. అక్కడి అక్విడెక్టు చూడటానికే వెళ్లొచ్చు, కింద నది, దాని పైన కాలువ. నరసాపురం–సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్నీ బళ్లనీ దాటించే వెడల్పాటి పడవ) ఉంటుంది, సైకిల్ ఎక్కించుకోవచ్చు. వరద రోజుల్లో మాత్రం పంటు ఆపేస్తారు. మరమ్మతులప్పుడు బ్యారేజీ మీద కూడా రాకపోకలు ఆపుతుంటారు కాబట్టి ముందురోజే రాజమండ్రిలో ఎవరినైనా కనుక్కోండి.

ఫోన్ ఇప్పుడు తీయండి, ఉపగ్రహ చిత్రం పెట్టండి. పెద్ద కాలువకి రెండు గట్లుంటాయి. చాలాచోట్ల ఒక గట్టు మీదే తారు రోడ్డు, రెండోదాని మీద మట్టిబాట. ఏది తారో చూసుకుని, గట్టు మారడానికి చిన్న వంతెనలు ఎక్కడున్నాయో గుర్తించండి. ఎండాకాలంలో మట్టిబాటే హాయి. వాన పడితే మాత్రం దాని జోలికి పోవద్దు. ఆ జిగట మట్టి మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య కూరుకుపోయి చక్రం తిరగనివ్వదు, అప్పుడు సైకిల్‌ని మీరు మోయాలి.

దారిలో ఎటు వెళుతున్నారో అనుమానం వస్తే కాలువలోకి చూడండి. నీళ్లకి ఎదురు వెళితే తల వైపు, అంటే చివరికి ధవళేశ్వరం వైపు. నీళ్లతో పాటు వెళితే శివారు వైపు. మురుగు కాలువని చూసి ఇదే అనుకోవద్దు, దాని దారి వేరు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలకి నీళ్లు ఆపేస్తారు, ఆ రోజుల్లో ఈ చిట్కా పనిచేయదు.

కొండలు లేవని సంబరపడే ముందు గాలి గురించి వినండి. ఎండెక్కాక సముద్రం మీంచి గాలి తిరుగుతుంది. దానికి ఎదురు తొక్కడం ఘాట్ ఎక్కినంత పని, పైగా దిగేటప్పటి సుఖం కూడా ఇందులో ఉండదు. అందుకే పొద్దున గాలి లేవకముందే సముద్రం దిక్కుకి, అంటే దక్షిణానికి వెళ్లాలి. మధ్యాహ్నం ఉత్తరానికి తిరగాలి. అప్పుడు గాలి వీపు మీద ఉంటుంది.

ఈ లెక్కతో గీసిన దారి ఇది. రాజమండ్రి నుంచి ధవళేశ్వరం, బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక. అక్కణ్నుంచి కాలువ వెంట ఆత్రేయపురం, లొల్ల లాకులు, రావులపాలెం. లొల్ల దగ్గర కాలువ పాయలుగా చీలుతుంది, అరగంట ఆగండి. ఆత్రేయపురంలో పూతరేకులు కొనకుండా ఎవరూ రారు. సంచిలో అన్నిటికన్నా పైన పెట్టండి, లేదంటే ఇంటికి చేరేది పొడే. రావులపాలెం నుంచి జొన్నాడ వరకు హైవే వంతెన తప్పదు, అంచు పట్టుకుని ఒకే వరసలో దాటేయండి. తర్వాత ఆలమూరు, మండపేట, ద్వారపూడి. మొత్తం సుమారు 60 కిలోమీటర్లు.

ద్వారపూడిలో రైల్వే స్టేషన్ ఉంది కదా, సైకిల్‌తో రైలెక్కేయొచ్చు అని ప్లాన్ వేయకండి. చిన్న స్టేషన్లో రైలు ఆగే కాస్త సమయంలో బ్రేక్ వ్యాన్‌లోకి (సామాన్ల పెట్టెలోకి) సైకిల్ ఎక్కించడం మన చేతిలో ఉండదు. ఒళ్లు అలిసిపోతే ట్రాలీ ఆటో మాట్లాడుకోవడం మేలు. అక్కణ్నుంచి కడియం మీదుగా రాజమండ్రి వెళ్లే కెనాల్ రోడ్డు నాకైతే సైకిల్‌కి నచ్చదు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క తొందరలో ఉన్న బస్సులు. తొక్కితే పగలే తొక్కండి. చీకటి పడ్డాక ఎదురు లైట్ల వెలుగులో రోడ్డు అంచెక్కడో, కాలువ ఎక్కడో తెలియదు.

కోతల కాలంలో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. బళ్లకి ఇబ్బందే, నేనూ కాదనను. అయినా గింజల మీంచి తొక్కుకుంటూ పోవద్దు, దిగి పక్కనుంచి నడిపించుకెళ్లండి. అంచున పెట్టిన రాళ్లు కూడా చూసుకోవాలి, సాయంత్రం వేళ అవి కనపడవు.

అభ్యాసం: ఈ వారం మీ జిల్లాలో ఒక కాలువనో ఏరునో ఎంచుకుని ఇదే వరసలో కాగితం మీద గీయండి. ముందు నీళ్లు, తర్వాత దాటే చోట్లు, ఆ తర్వాత గట్లు, చివర్న గాలి. కృష్ణా డెల్టా వాళ్లకి పని సులువు. తెలంగాణలో ఉన్నవాళ్లు శ్రీరాంసాగర్ కాకతీయ కాలువతో ప్రయత్నించవచ్చు, అయితే అక్కడ గట్టు పొడవునా బాట ఉంటుందని అనుకోకుండా ముక్కముక్కగా ఉపగ్రహ చిత్రంలో చూసుకోండి. గీసిన దారిలో మొదటి పది కిలోమీటర్లు మాత్రమే ఆదివారం పొద్దున వెళ్లి చూసి రండి. కాగితం మీద ఉన్నదానికీ నేల మీద ఉన్నదానికీ ఎక్కడ తేడా వచ్చిందో అదే కాగితం మీద ఎర్ర ఇంకుతో రాయండి. 6వ పాఠానికి ఆ కాగితం కావాలి. రాత్రి బస ఎక్కడ వెతుక్కోవాలో అందులో చూద్దాం.