జీతం నెలాఖరుదాకా రావాలంటే ఇంటి పద్దు ఎలా రాయాలి?

ఒక పొడవాటి పద్దు పుస్తకం, పెన్ను, కిందటి మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ఉంటే చాలు. ఫోనులో యాప్ వద్దు. పద్దు చేత్తోనే రాయాలి, ఇంట్లో అందరికీ అందేచోట ఉండాలి. మా ఇంట్లో అది ఫ్రిజ్ మీద ఉంటుంది.

ముందు చేతికొచ్చే జీతం రాయండి. పీఎఫ్, పన్ను పోగా ఖాతాలో పడేదే జీతం. బోనస్‌ను ఇందులో కలపకూడదు. దాని కింద అద్దె, కరెంటు, పాలు, సరుకులు, గ్యాస్, పెట్రోలు, ఫోను రీచార్జి, ఈఎంఐలు రాసి కూడండి. సరుకుల చీటీ మాత్రం వంటింట్లో డబ్బాల మూతలు తీసి చూసి రాయాలి. అరగంటలో పని అయిపోతుంది.

ఇంతవరకు అందరూ చేస్తారు. జీతం 45,000, ఖర్చు 34,000, మిగులు 11,000 అని తేల్చుకుని ధైర్యంగా ఉంటారు. ఇళ్ళు అప్పులపాలయ్యేది సరిగ్గా ఇక్కడే. ఆ 11,000 మిగులు కాదు. జూన్‌లో కట్టాల్సిన స్కూలు ఫీజు, డిసెంబరులో కట్టాల్సిన బీమా ప్రీమియం అందులోనే ఉన్నాయి. నెలనెలా కనబడవు కాబట్టి లెక్కలోకి రావు.

2011 జూన్‌లో మా పెద్దమ్మాయి ఫీజు కోసం నా గాజులు తాకట్టు పెట్టాను. కౌంటరు వెనక మనిషి వాటిని గీటురాయి మీద రుద్ది, చిన్న త్రాసులో తూచి, బరువు రాసుకుంటుంటే నాకు ఒకటే ఆలోచన. ఆ ఫీజు ఎంతో నాకు ఏప్రిల్‌లోనే తెలుసు. తెలిసిన ఖర్చుకు అప్పు చేశాను. గాజులు విడిపించడానికి పదకొండు నెలలు పట్టింది.

అందుకే పుస్తకంలో ఒక పేజీ మొత్తం ఏడాది ఖర్చులకు వదలండి. పన్నెండు నెలల పేర్లు రాసి, ఏ నెలలో ఏది వస్తుందో వేయండి. మామూలు ఇంటి లెక్క ఇలా ఉంటుంది: ఇద్దరు పిల్లల ఫీజులు, పుస్తకాలు 48,000, బీమా 18,000, దసరా, సంక్రాంతి బట్టలు, ప్రయాణాలు 24,000, బండి బీమా, సర్వీసింగు 5,400, ఎండాకాలంలో ఆవకాయ, మిరపకాయలు, చింతపండు 6,000, వైద్య పరీక్షలు 3,000. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాల చదివింపులకు 12,000 వేయండి. ఈ ఒక్క పద్దును అందరూ మరిచిపోతారు. మాఘంలో నాలుగు శుభలేఖలు ఒకేసారి వచ్చినప్పుడు గానీ గుర్తుకు రాదు. మొత్తం 1,16,400. పన్నెండుతో భాగిస్తే నెలకు 9,700. అంటే మీ అసలు మిగులు 1,300.

ఇక్కడ ఇంకో పొరపాటు జరుగుతుంది. పన్నెండుతో భాగించడం రెండో ఏడాది నుంచే సరిపోతుంది. జనవరి జీతంతో మొదలుపెడితే జూన్ ఫీజుకు ఆరు జీతాలే ఉన్నాయి. నెలకు 4,000 చొప్పున తీస్తే 24,000 మాత్రమే పోగవుతుంది, సగం ఫీజుకు మళ్ళీ అప్పే. కాబట్టి మొదటి ఏడాది ఒక్కో ఖర్చును దాని గడువులోపు వచ్చే జీతాల సంఖ్యతో భాగించండి. ఫీజుకైతే నెలకు 8,000. అంత వీలుకాకపోతే పండుగల వాటాను జూన్‌దాకా ఫీజుకు మళ్ళించి, జూలై నుంచి పండుగలకు తీయండి. అప్పు 24,000 బదులు 12,000 అవుతుంది. బోనస్ వస్తే ముందు ఈ పేజీలోకే వెళ్ళాలి.

ఈ డబ్బు జీతం ఖాతాలో ఉంచకూడదు. ఎంత గట్టి మనసున్నవారైనా ఖర్చు పెట్టేస్తారు. విడిగా పొదుపు ఖాతా తెరవండి. పోస్టాఫీసులో 500 రూపాయలతో తెరవచ్చు. దానికి ఏటీఎం కార్డు తీసుకోవద్దు, యూపీఐకి కలపవద్దు. జీతం పడిన రోజే, అద్దెకన్నా ముందు, ఆ నెల వాటా అందులో వేయాలి.

చీటీ వేస్తే సరిపోదా అని అడుగుతారు. రిజిస్టరైన చీటీ మంచిదే, కానీ ఈ పనికి కాదు. జూన్‌లో డబ్బు తప్పనిసరి అయినవారు పాటలో ఎక్కువ తగ్గించుకోవాల్సి వస్తుంది. లక్ష చీటీని 25,000 తగ్గించి పాడితే చేతికి వచ్చేది 75,000. నెలనెలా కట్టే పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ కూడా ఈ పనికి రాదు. అది అయిదేళ్ళది, మూడేళ్ళు నిండకుండా మూసే వీలు లేదు. క్రెడిట్ కార్డు మీద ఫీజు కట్టి కనీస మొత్తం చెల్లిస్తూ పోవడం అన్నిటికన్నా చెడ్డది. నెలకు 3 శాతం వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం, చాలా కార్డులు అంతకన్నా ఎక్కువే వేస్తాయి.

రోజువారీ ఖర్చు రాత్రి భోజనం అయ్యాక రాయండి, రెండు నిమిషాల పని. ఏడాది పేజీలో ఒక ఖర్చు కట్టగానే దాని పక్కన తేదీ, కట్టిన మొత్తం ఎర్ర సిరాతో వేయండి. ఉగాదికి కొత్త పేజీ మొదలుపెట్టేటప్పుడు ఆ ఎర్ర అంకెలనే చూసి వేసుకోవాలి, పాత అంచనాలను దించకూడదు. స్కూలు కొత్త ఫీజు కాగితం ఆ తరువాత వచ్చినా, అదే రోజు పేజీ తీసి మిగిలిన జీతాలతో మళ్ళీ భాగించండి.