కథలో బీచ్ రాస్తే చొక్కా ఒంటికి అతుక్కోవాలి

మన వైజాగ్ వాళ్ళం కథ మొదలెట్టామంటే ఫస్ట్ లైన్లోనే సముద్రం వచ్చేస్తుంది, అదీ ‘ఎగసిపడే కెరటాలు, నీలాకాశం’ టైపులో, నేనూ అలాంటివి బోలెడు రాసి పారేశాన్లెండి. అవి మనం చూసినవి కూడా కాదు, ఎక్కడో చదివినవి.

ఒకసారి తెల్లారగట్ల ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళండి, వేలం పాట జోరుగా నడుస్తున్నప్పుడు ఓ గోడవార నిలబడి కళ్ళు మూసుకోండి (దారిలో నిలబడితే తట్టతో గుద్దేస్తారు, ఆనక నన్ననొద్దు). డీజిల్ పొగ, ఐస్‌ని పారతో తోడుతుంటే కరకర, చెప్పుల్లోకి చల్లగా దిగే మురికి నీళ్ళు... అన్నీ రాసెయ్యకండి. ఇంటికొచ్చి స్నానం చేశాక కూడా ఏది వదల్లేదో అదే రాయండి. నాకు మిగిలింది ఒక్కటే, డబ్బులు లెక్కపెడుతున్న ఆవిడ బొటనవేలికున్న చేప పొలుసు వంద నోటు మీదకి మారిపోయి తళుక్కుమనడం.

ఇంకోటి, ‘అదో రకమైన వాసన’ అని మాత్రం రాయొద్దు ప్లీజ్. చేపకి నీచు, అడుగంటిన పాలకి మాడు, వెంట్రుక కాలితే కమురు, పాతబడ్డ బియ్యానికి ముక్క వాసన, ఇన్ని మాటలుండగా ‘అదో రకం’ ఏంటండీ!

హుద్‌హుద్ తుఫాను మీద రాసిన ప్రతివాళ్ళూ ‘భీకరమైన గాలి’ అనే రాశారు. 2014 అక్టోబర్ 12న ఆ గాలి విన్నవాళ్ళకి ఆ మాట చాలదు, వినని వాళ్ళకి ఏమీ తెలీదు. అదే, కిటికీ సందుల్లోంచి నీళ్ళు చిమ్ముతుంటే అమ్మ దుప్పట్లు కుక్కడం, అవి తడిసి బరువెక్కితే పిండి మళ్ళీ కుక్కడం, పొద్దున్నే చూస్తే గోడంతా ఆకులు నూరి పూసినట్టు పచ్చగా ఉండటం, ఇలా రాస్తే గాలి గురించి ఒక్క ముక్క చెప్పక్కర్లేదు.

వాసన ఎవరి ముక్కుకి తగులుతోందో కూడా చూసుకోండి. భీమిలిలో ఎండుచేపలు ఆరబెట్టిన వీధి, కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయైతే కొంగు అడ్డం పెట్టుకుంటుంది, రెండేళ్ళ తర్వాత హైదరాబాద్ నుంచి బస్సు దిగిన కుర్రాడైతే ‘అమ్మా, అన్నం ఉందా’ అంటాడు.